దారముతో కట్టిన గోడ

జాతులు తమ గతమును గ్రంథములలోనే కాదు, ఆటలలోను దాచుకొనును. విద్యార్థులు తెరమీద ఆడు వీడియో ఆటలయందు పెద్దలకు చులకన భావము కలదు. అందు కొంత న్యాయమును కలదు. అయినను అట్టి ఆట నొకదానిని విప్పి, లోపల నేమున్నదో పరికించుట ఉపాధ్యాయునకు తగని పని కాదు. 2023 ఫిబ్రవరిలో వెలువడిన ‘వైల్డ్ హార్ట్స్’ అను జపానీయుల ఆటను ఇందులకు ఉదాహరణముగా గైకొందము.

దీనిని నిర్మించినది కోయీ టెక్మో సంస్థలోని ఒమేగా ఫోర్స్ బృందము. భయంకర మృగములను వేటాడు ఈ తీరు ఆటలకు 2004లో కాప్‌కామ్ సంస్థ తెచ్చిన ‘మాన్‌స్టర్ హంటర్’ మార్గదర్శి. కొత్త ఆటయు ఆ బాటనే నడచినది గాని, ఒక్క విషయమున వేరుపడినది. ఇందలి వేటగాడు ఆయుధము పట్టుటయే గాక, పోరు నడుమ కట్టడములు కట్టును.

కథ అజుమా అను కల్పిత దేశమున జరుగును. అచ్చటి మృగములను ‘కెమొనో’ లందురు. జపాను భాషలో ఆ మాటకు మృగమనియే అర్థము. ఇవి ప్రకృతితో పెనవేసికొన్న ప్రాణులు. ఒక అడవిపంది మేన చెట్లు మొలచియుండును. ఒక వానరము లావా కురిపించును. ఒక తోడేలు మంచును రప్పించును. వేట సాగు ప్రదేశములు వసంతము, గ్రీష్మము, శరత్తు, హేమంతము అను నాలుగు కాలములను పోలియుండును.

వేటగాని కట్టడములకు ‘కరకురి’ అని పేరు. పెట్టె, స్ప్రింగు, దివిటీ వంటివి మూల వస్తువులు. ఒకటి నిలుపుటకు కొంత దారము ఖర్చగును. ఆ దారమును చెట్లనుండి, రాళ్లనుండి, పోరాడు మృగమునుండియే సేకరింపవలెను. మూడు పెట్టెల వరుసపై మూడు పెట్టెలు పేర్చినచో అవి కలిసి గొప్ప గోడగా మారును. దూసుకొని వచ్చు అడవిపంది దానిని ఢీకొని వెల్లకిల పడును. అదే అమరికలో ఆరు స్ప్రింగులు పేర్చినచో పెద్ద సమ్మెట యగును.

ఈ లెక్క చదువుటకు సులువే. కష్టమంతయు మృగము ఆగకపోవుటలో నున్నది. నాలుగవ పెట్టె నిలుపునప్పటికే అది సగము దూరము పరుగెత్తి యుండును. దారమును అంతకుముందే దుబారా చేసినచో ఆరవ పెట్టె నిలువదు, గోడయు లేదు. మన అవధానములలోని నిషిద్ధాక్షరి దీనికి దగ్గరి చుట్టము. అక్షరములు అందరికిని తెలిసినవే. పృచ్ఛకుడు ఒకదానిని నిషేధించిన క్షణముననే వేరొకదానిని, ఛందస్సు చెడకుండ, అర్థము తప్పకుండ నిలుపుటలోనే ప్రజ్ఞ కలదు. సామగ్రి అల్పము, సమయము అల్పతరము. ఆశుకవితయందువలెనే ఇచ్చటను ముందటి సాధనయే ఆపత్కాలమున చేతికి వచ్చును.

ఇక ‘కరకురి’ యను మాట. అది ఆట నిర్మాతలు కల్పించినది కాదు. దారములను లాగి ఆడించుట అను అర్థముగల క్రియనుండి పుట్టినది. తోకుగావా ప్రభువుల కాలమున, అనగా 1603 మొదలు 1868 వరకు, జపానులో యంత్రపు బొమ్మలకు ఈ పేరు ప్రసిద్ధము. 1662లో తకెదా ఓమి ఒసాకా నగరమున ఇట్టి బొమ్మల నాటకశాలను నెలకొల్పెను. 1796లో హోసోకావా హంజో అచ్చు వేయించిన ‘కరకురి జుయి’ యను గ్రంథము వాని నిర్మాణ రహస్యములను పటములతో వివరించినది. వానిలో తేనీరందించు బొమ్మ ముచ్చటైనది. చేతి పళ్లెరముపై కప్పు నుంచగనే అది అతిథివైపు నడచును; కప్పు తీసికొనగనే ఆగును; తిరిగి పెట్టగనే వెనుదిరుగును. లోపల తిమింగిలపు దవడ పొరతో చేసిన స్ప్రింగును, కొయ్య పండ్ల చక్రములును మాత్రమే యుండును.

ఈ విద్య వినోదముతో ఆగలేదు. 1799లో కురుమె పట్టణమున జన్మించిన తనకా హిసషిగె బాణములు వేయు బొమ్మను చేసి, 1851లో అద్భుతమైన గడియారమును నిర్మించి, 1875లో టోక్యోలో కర్మాగారము తెరచెను. నేటి తోషిబా సంస్థకు మూలములలో అది యొకటి. బొమ్మలు చేసిన చేతులే పరిశ్రమకు పునాది వేసినవన్నమాట.

ఆటలో లోపము లేకపోలేదు. తేనీరందించుటకు పుట్టిన విద్య ఇచ్చట చంపుటకు పనిముట్టైనది. కవచము కొరకు ఒకే మృగమును పదేపదే సంహరింపవలసి వచ్చుట ఆలోచనాపరులకు రుచింపదు. చిన్న కెమొనోలను చప్పుడు చేయక సమీపించి నిమిరినను కొన్ని వస్తువులు లభించును. నిర్మాతల మనస్సునను ఈ సంకోచము కొంత యున్నదేమో యని తోచును. ప్రకృతినుండి తీసికొన్న దారముతోనే ప్రకృతిని ఎదిరించుట మానవ చరిత్రకంతకును వర్తించు చిక్కు. దానికి ఈ ఆట పరిష్కారము చూపలేదు. చిక్కును మాత్రము చేతికందించినది.

కావున శిష్యుడు ఈ ఆటను గూర్చి ఉత్సాహముతో చెప్పినపుడు మందలించుటకు ముందు రెండు ప్రశ్నలు వేయుట మేలు. ఆ గోడకు ఆరు పెట్టెలే యెందుకు? కరకురి యన నేమి? మొదటిదానికి అతడు తడుముకొనక బదులు చెప్పును. రెండవదానికి గురువును శిష్యుడును కలిసి గ్రంథాలయమునకు పోవలసియుండును.