3.4 మహమ్మారి కాలంలో వైద్య గ్రంథాలయ సేవలు

పాఠకునికి కావలసిన సమాచారాన్ని వ్యక్తిగత శ్రద్ధతో వెతికి అందించడమే అనులయ సేవ అని మీరు ఇంతకు ముందు తెలుసుకున్నారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేనప్పుడు ఈ సేవ ఎలా సాగుతుంది? 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు వైద్య కళాశాలల గ్రంథపాలకులకు ఎదురైన ప్రశ్న ఇదే.

3.4.1 బోధనకు తోడ్పాటు

కాకినాడలో వైద్యవిద్య చదివే ఒక విద్యార్థిని లాక్‌డౌన్‌లో పోలవరంలోని తన ఇంట్లో ఉందనుకోండి. పుస్తకాలు హాస్టల్లో ఉండిపోయాయి. చేతిలో ఫోను మాత్రమే ఉంది. కళాశాల చందా కట్టిన ఈ-జర్నళ్లు సాధారణంగా ప్రాంగణంలోని నెట్‌వర్క్‌లోనే తెరుచుకుంటాయి. కాబట్టి ఇంటి నుంచే లాగిన్ అయ్యే ఏర్పాటు చేయడం గ్రంథపాలకుని మొదటి పని. ఉచితంగా లభించే పాఠ్యవనరులను గుర్తించి పంపడం, అన్వేషణ పద్ధతులను ఆన్‌లైన్ తరగతిలో నేర్పడం ఆ తరువాతి పనులు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట వీడియో కంటే చిన్న ఫైలు ఎక్కువ ఉపయోగపడుతుంది.

3.4.2 పరిశోధనకు తోడ్పాటు

ఈ వ్యాధికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 'కోవిడ్-19' అని పేరు పెట్టింది 2020 ఫిబ్రవరి 11న. అంతకు ముందు వెలువడిన వ్యాసాలలో 'నావెల్ కరోనావైరస్' వంటి పేర్లున్నాయి. పబ్‌మెడ్‌లో కొత్త పేరు ఒక్కదానితోనే వెతికితే తొలి వ్యాసాలు కొన్ని జారిపోవచ్చు. అందుచేత పర్యాయపదాలన్నింటినీ 'లేదా' అనే తార్కిక సంకేతంతో కలిపి వెతకాలి. పదజాల నియంత్రణ ఎందుకు అవసరమో దీనివల్ల మీకు అర్థమవుతుంది.

3.4.3 సమాచార మూల్యాంకనం

దొరికినదంతా నమ్మదగినది కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల కోవిడ్ రోగులలో మరణాలు పెరుగుతున్నాయని 2020 మే 22న 'ది లాన్సెట్' పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 671 ఆసుపత్రుల్లోని సుమారు 96,000 మంది రోగుల వివరాలు తమ ఆధారమని రచయితలు పేర్కొన్నారు. ఆ మందుపై జరుగుతున్న తన ప్రయోగాన్ని తాత్కాలికంగా నిలిపినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 25న ప్రకటించింది. అయితే మూల దత్తాంశాన్ని స్వతంత్ర పరిశీలనకు ఇవ్వకపోవడంతో, నలుగురు రచయితలలో ముగ్గురు జూన్ 4న వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు.

అంతమాత్రాన ఆ మందు పనిచేస్తుందని రుజువైనట్లు కాదు. ఆసుపత్రిలో చేరిన రోగులలో దానివల్ల మరణాలు తగ్గలేదని బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' ప్రయోగంలో తేలింది. చికిత్సను నిర్ణయించేది వైద్యుడే. కాని ఆయన చదువుతున్న వ్యాసం ఉపసంహరణకు గురైందా, సమీక్ష పూర్తికాని ముందస్తు ప్రతియా అన్నది చూసి చెప్పవలసినది గ్రంథపాలకుడు. ఆ ఒక్క మాట అందకపోతే నష్టపోయేది రోగి.

సారాంశం

పాఠకుని సమయాన్ని ఆదా చేయాలన్నది 1931లో రంగనాథన్ ప్రతిపాదించిన నాలుగో సూత్రం. మహమ్మారి కాలంలో ఆ సమయం విలువ ప్రాణంతో సమానం.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. పాత, కొత్త పేర్లను కలిపి ఎందుకు వెతకాలి?
2. ఒక వ్యాసాన్ని వైద్యునికి అందించే ముందు మీరు ఏయే అంశాలను సరిచూస్తారు?