యార్క్‌షైర్ టెర్రియర్ మెడకు బెల్టు వద్దు

ఒళ్లో బొమ్మలా ఒదిగిపోయే ఈ కుక్క 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండ్ మిల్లుల్లో ఎలుకలు పట్టేది. ఆ పౌరుషం ఇంకా పోలేదు. బరువు మూడు కిలోలే, అయినా పెద్ద కుక్కల మీదికీ మొరుగుతూ వెళ్తుంది. పట్టులాంటి వెంట్రుకలు మన జుట్టులాగే పెరుగుతూ ఉంటాయి, రోజూ దువ్వకపోతే చిక్కులు పడతాయి. అంత ఓపిక లేనివాళ్లు పొట్టిగా కత్తిరించడమే మేలు.

అసలు జాగ్రత్త గొంతు దగ్గర. ఈ జాతిలో శ్వాసనాళం మెత్తబడి అణిగిపోయే జబ్బు ఎక్కువ. అలాంటిదాన్ని మెడ బెల్టు పట్టి లాగితే బాతు అరిచినట్టు పొడిదగ్గు వస్తుంది. ఛాతీకి తొడిగే హార్నెస్ వాడాలి.

కూనలకైతే ఆకలే గండం. కొన్ని గంటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. వణుకుతూ కూలబడితే చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.