ఉక్కు ముందు బంగారం దిగదుడుపే
ఖరీదైన గడియారాల మలి అమ్మకంలో గిరాకీదే పైచేయి

వాడరేవు: బాపట్ల జిల్లా వాడరేవు ఒడ్డుకు చేరిన చేపలకు తూకం ఒక్కటే ధర కట్టదు. వంజరానికి, చందువకు పాటదారులు పోటీపడిన నాడు ఒక ధర, కొనేవారు పలుచబడిన నాడు మరొక ధర. బంగారం సంగతి వేరు. ఏ దుకాణానికి వెళ్లినా గీటురాయి, త్రాసు, ఆనాటి ధర, ఆపై తరుగు. అంతటితో లెక్క తేలిపోతుంది.

విదేశాలలో స్థిరపడిన పిల్లలు కానుకగా తెచ్చినవో, పెద్దల నుంచి సంక్రమించినవో ఖరీదైన చేతి గడియారాలు కొన్ని ఇళ్లలో భద్రంగా ఉంటాయి. పెళ్లికో, చదువుకో, వైద్యానికో వాటిని అమ్మవలసి వచ్చినప్పుడు చాలామంది బంగారం లెక్కే వేస్తారు. వాస్తవానికి గడియారం బేరం చేపల పాటకే దగ్గర. ఈ తేడా తెలియక మామూలు ఉక్కు వాచీ అనుకొని విలువైనదాన్ని చౌకగా వదులుకొనేవారు ఉంటారు. పసుపు రంగు చూసి లక్షలు ఆశించి భంగపడేవారూ ఉంటారు.

తూకంతో వచ్చేది కనీస ధరే

పేరున్న బంగారు గడియారాలు సాధారణంగా 18 క్యారెట్లవి. వెనుక మూత లోపలో, పట్టీ కొక్కెం మీదనో 750 అనే ముద్ర ఉంటుంది. అంటే 100 గ్రాముల లోహంలో మేలిమి బంగారం 75 గ్రాములే. మనవారి 22 క్యారెట్ల నగలలో అది 91.6 గ్రాములు. పైగా అద్దం, లోపలి యంత్రం బరువును తీసివేసిన తరువాతే తూకం. కరిగించే ఉద్దేశంతో కొనే వ్యాపారి కంపెనీ పేరుకు గాని, పనితనానికి గాని పైసా ఇవ్వడు. 2025లో 10 గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటడంతో ఈ కనీస ధర బాగానే పెరిగింది. అయినా అది నేల మట్టమే, పైకప్పు కాదు.

బంగారు పూత వేసిన గడియారాలకు ఆ నేల కూడా లేదు. పూత మందం మైక్రాన్లలోనే ఉంటుంది. ఉక్కు, బంగారం కలిపి చేసిన జంట లోహపు గడియారాలలో బంగారం కొన్ని భాగాలకే పరిమితం. ప్లాటినం బంగారం కంటే బరువైనది, అరుదైనది. కాని చూపునకు అది ఉక్కులాగే తోచడం వల్ల దానిని కోరి కొనేవారు తక్కువ.

ఉక్కుకు ఇంత విలువ ఎందుకు?

లోహంగా చూస్తే గడియారంలోని ఉక్కు విలువ నామమాత్రమే. అయినా 1972లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆడెమార్ పీగే సంస్థ ‘రాయల్ ఓక్’ అనే ఉక్కు గడియారాన్ని ఆనాటి అనేక బంగారు గడియారాల కంటే ఎక్కువ ధరకు విడుదల చేసింది. తొలుత కొనుగోలుదారులు వెనుకాడినా తరువాత అదే ఆ సంస్థకు ఆయువుపట్టు అయింది.

పటెక్ ఫిలిప్ 1518 ఉదంతం ఇంకా విచిత్రం. 1941లో మొదలైన ఈ రకంలో అత్యధికం బంగారంతో చేసినవే. ఉక్కువి నాలుగే వెలుగులోకి వచ్చాయి. వాటిలో ఒకటి 2016 నవంబరులో జెనీవా వేలంలో కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులు పలికింది. అదే గడియారం 2025 నవంబరులో మళ్లీ వేలానికి వచ్చి కోటి 41 లక్షల ఫ్రాంకులు దాటింది. అదే రకం బంగారు గడియారాలు ఆ ధరను అందుకోలేదు.

అరుదుదనం ఒక్కటే కారణం కాదు. ఉక్కు గీతలు పడినా ఓర్చుకొంటుంది, రోజూ ధరించవచ్చు, దుకాణపు ధర బంగారం దానికంటే తక్కువ. అందువల్ల కోరేవారు ఎక్కువ. తయారీదారులు మాత్రం లెక్కగానే చేస్తారు. దుకాణంలో పేరు రాయించుకొని ఎదురుచూడలేనివారు బయట ఎక్కువ పెట్టి కొంటారు. బంగారు గడియారం కొత్త ధర మొదటే అందులోని లోహం విలువకు కొన్ని రెట్లు ఉంటుంది, కొనేవారు కొద్దిమంది. అందుకే చాలా రకాలు మలి అమ్మకంలో కొన్న ధరకంటే దిగిపోతాయి.

ఉక్కు అయితే చాలు లాభమే అనుకోవడమూ పొరపాటు. పేరుపడిన కొన్ని రకాలకే ఈ యోగం. మిగిలినవి దుకాణం గడప దాటగానే విలువ కోల్పోతాయి. గిరాకీ తగ్గితే పేరుపడినవీ దిగుతాయి. పటెక్ ‘నాటిలస్ 5711’ ఉక్కు గడియారాన్ని నిలిపివేస్తున్నట్లు 2021లో ప్రకటించగానే, సుమారు 35 వేల డాలర్ల ఆ గడియారం బయట లక్ష డాలర్లు దాటింది. 2022 ఆరంభపు వేడి చల్లారాక ధర గణనీయంగా జారింది. గుంటూరు యార్డులో మిర్చి ధర చూసినవారికి ఇది కొత్త పాఠమేమీ కాదు.

మన హెచ్‌ఎంటీ, ఆల్విన్

ఇదే సూత్రం చిన్న మొత్తాలలోనూ కనిపిస్తుంది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. ఆపై ఒకప్పుడు ఇంటింటా ఉన్న ‘జనతా’ వంటి కీ ఇచ్చే వాచీలను సేకర్తలు వెతికి కొంటున్నారు. హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో చేసిన వాచీలకూ అభిమానులు ఉన్నారు. వీటిలో లోహం విలువ శూన్యప్రాయం, ధర అంతా జ్ఞాపకానిదే. గిరాకీ పెరగడంతో డయల్‌కు కొత్త రంగు పూసి అసలువని అంటగట్టేవారూ బయలుదేరారు.

మెరుగు పెట్టిస్తే నష్టమే

నగకు మెరుగు పెట్టిస్తే కళ వస్తుంది. గడియారానికి మాత్రం ధర తగ్గుతుంది. అంచులు అరిగి, అసలు రూపు పోవడమే కారణం. మాసిన డయల్‌ను, పాత ముళ్లను మార్పించకపోవడమే మేలు. పెట్టె, హామీ పత్రం, కొనుగోలు రశీదు, విదేశాల నుంచి తెచ్చినదైతే కస్టమ్స్ సుంకం చెల్లించిన కాగితం ఉంటే కొనేవారికి నమ్మకం కుదురుతుంది. నగల దుకాణంలో తూకం వేయించడంతో ఆగక, పాత గడియారాల వ్యాపారులను ఇద్దరు ముగ్గురిని అడగాలి. రకం సంఖ్య చెబితే ఎంతకు కొంటారో తెలుస్తుంది.

పన్నుల మార్పులూ ధరను కదిలిస్తాయి. 10 లక్షల రూపాయలు దాటిన చేతి గడియారం అమ్మితే విక్రేత కొనుగోలుదారు నుంచి 1 శాతం పన్ను ముందుగా వసూలు చేయాలనే నిబంధన 2025 ఏప్రిల్ 22న వచ్చింది. ఆదాయపు పన్ను రిటర్నులో దానిని సర్దుబాటు చేసుకోవచ్చు. 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన ఐరోపా స్వేచ్ఛా వాణిజ్య సంఘం (ఈఎఫ్‌టీఏ) ఒప్పందం ప్రకారం స్విస్ గడియారాలపై దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా తొలగిపోతుంది. దుకాణాలలో సులువుగా దొరికే రకాల కొత్త ధర తగ్గితే, ఇళ్లలోని పాత వాటి ధరపైనా ఆ ప్రభావం పడుతుంది.