గంగానగరము: నీటి వంతు, న్యాయపు వంతు

రాజస్థానమున ఉత్తరపు కొసను, పాకిస్తాను సరిహద్దునకు చేరువలో, శ్రీగంగానగరమను పట్టణము కలదు. కోటలను, రాజసౌధములను చూడగోరి ఆ రాష్ట్రమునకు పోవు యాత్రికులు సాధారణముగా ఇచ్చటికి రారు. వచ్చిన వారికి కనబడునవి తిన్నని వీధులు, అక్షరములతో పేర్కొనబడిన బ్లాకులు, గోల్ బజారు, ధాన్యపు మండీ. ఊరు దాటగానే గోధుమ, ఆవాలు, ప్రత్తి చేలు, కిన్నో నారింజ తోటలు. కోతల కాలమున మండీలో తప్ప కోలాహలము తక్కువ. ఈ ప్రశాంతతకు మూలమైన నీటి పంపకమును గూర్చి మన పాఠకులు తెలిసికొనదగినది చాల కలదు.

నూరేండ్లకు పూర్వము ఇది ఎండిన ఇసుక నేల. విక్రమశకము 1956వ సంవత్సరమున, అనగా 1899-1900లో, వచ్చిన ఘోరక్షామమును ఆ దేశపు ప్రజలు నేటికిని ‘ఛప్పనియా’ యని పేరు పెట్టి చెప్పుకొందురు. అప్పటి బికనీరు ప్రభువు గంగాసింగు ఇరువదియేండ్ల యువకుడు. కరవు పనులతో ప్రాణములు కొన్ని దక్కునే కాని కరవు తొలగదని గ్రహించి ఆయన నదీజలమునకై యత్నించెను. 1920లో పంజాబు, బహవల్పూరు, బికనీరు ప్రభుత్వముల మధ్య ఒడంబడిక కుదిరెను. 1925లో శంకుస్థాపన జరిగెను. ఫిరోజుపూరు కడ సట్లెజ్ నది నుండి, అనగా మన ప్రాచీనుల శతద్రువు నుండి, తీసిన కాలువను 1927 అక్టోబరు 26న ప్రారంభించిరి. ఇసుక నేల నీటిని త్రాగివేయకుండ నూరు కిలోమీటర్లకు పైగా కాలువకు కాంక్రీటు పూత వేసిరి.

నేలను చదరములుగా కొలిచిరి. చదరమునకు మురబ్బా యని పేరు. అది 25 బిగాలు, అనగా సుమారు ఆరుంబావు హెక్టార్లు. పల్లెకు చక్ అని పేరు. అంకెయు, కాలువ గుర్తగు అక్షరమును కలిసి దాని నామధేయమగును. పంజాబు నుండి పెక్కు రైతు కుటుంబములు వచ్చి ఇచ్చట స్థిరపడినవి. నీటి వంతును ‘బారీ’ యందురు. వారమునకు గల 168 గంటలను ఒక తూము క్రింది రైతులందరికిని భూవిస్తీర్ణము ననుసరించి నిమిషముల లెక్కన పంచుదురు. వంతు అర్ధరాత్రి వచ్చినను రైతు పార భుజమున వేసికొని పోవలసినదే. పొరుగువాని నిమిషములను కాజేయుట అతని పంటను కాజేయుటయే.

నేలను, నీటిని ఇంత చక్కగా కొలిచిన రాజ్యము ప్రజల నోటికి మాత్రము స్వేచ్ఛ నీయలేదు. గంగాసింగు 1943లో మరణించెను. ఆయన కుమారుడు సాదూల్ సింగు పాలనలో, 1946లో, ఈ మండలముననే రాయసింగ్ నగరమున త్రివర్ణపతాకము చేబూని నడచిన బీర్బల్ సింగు తుపాకి గుండునకు నేలగూలెను. కాలువ త్రవ్వించిన కీర్తి రాజవంశమునకు దక్కవలసినదే. కాని ఆ రక్తమును చరిత్రలో కప్పిపుచ్చరాదు.

మరుసటి సంవత్సరమే దేశవిభజన. ఫిరోజుపూరు తలకట్టు పరదేశమునకు పోవునను వార్త పొక్కగా, బికనీరు ప్రభువు మౌంట్‌బాటనుకు తన ఆందోళనను తెలుపుకొనెను. 1947 ఆగస్టు 17న ప్రకటింపబడిన తీర్పులో ఫిరోజుపూరు భారతదేశమునకే వచ్చెను, గంగానగరము బ్రదికెను. కాని 1948 ఏప్రిలులో మనవారు పాకిస్తాను కాలువలకు నీరు నిలిపినపుడు, ఆవలి రైతు ఎట్టి భయమునకు లోనైయుండునో గంగానగర రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. 1960 నాటి సింధు జలముల సంధిలో సట్లెజ్, బియాస్, రావి నదులు మన వంతునకు వచ్చినవి. హిందుమల్‌కోటు కడ నేడు కంచె, కావలి కలవు. పూర్వము ఆ మార్గమున పడమటికి పోయిన రైలు విభజనతో ఆగిపోయెను.

నేడు గంగానగరపు ఆపద కంచె ఆవలి నుండి కాక ఎగువ నుండి వచ్చుచున్నది. లూధియానా కార్ఖానాల మురుగు బుడ్ఢా నాలా ద్వారా సట్లెజ్‌లో కలియుచున్నది. కాలువలో నల్లని నీరు వచ్చుచున్నదని రైతులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నారు; ఆ నీరే పలు పల్లెలకు త్రాగునీరు. ఇక నీరు తగ్గిన కాలమున కాలువ కొసనున్న చకులకు గడియారము ప్రకారము వంతు వచ్చును గాని నీరు రాదు. మన కృష్ణా గోదావరీ డెల్టాల శివారు రైతులకు ఈ బాధ క్రొత్త కాదు.

ఒక తూము క్రింద చదువురాని రైతులు పాటించు న్యాయమును రెండు రాష్ట్రముల ప్రభుత్వములు పాటింపజాలవా? ఎగువవాడు మలినపరచి వదలిన నీటిని దిగువవాని వంతుగా లెక్కకట్టుట వంచన. మురుగును నదిలో కలియక పూర్వమే శుద్ధి చేయింపవలెను. కొస చకులకు చేరిన నీటిని కొలిచి ప్రతి వారమును ప్రజలకు ప్రకటింపవలెను. రైతు నిమిషమునకు లెక్క చెప్పుచున్నాడు. ప్రభుత్వములు కనీసము వారమునకైనను లెక్క చెప్పవలెను.