తాగని విద్యార్థి బాధ్యత

కళాశాల హాస్టళ్లలో ముస్లిం విద్యార్థులు తరచు వేసే ప్రశ్న ఒకటుంది: దివ్యఖుర్‌ఆన్ నిషేధించినది 'ఖమ్ర్'ను గదా, బీరు అందులోకి వస్తుందా? ప్రశ్న చిన్నదే గాని దాని వెనుక వెయ్యేండ్ల ధర్మశాస్త్ర చర్చ ఉంది. 'ఖమ్ర్' అనే అరబీ మాటకు మూలధాతువు 'కప్పివేయుట' అనే అర్థం కలది. స్త్రీలు తలపై కప్పుకొనే 'ఖిమార్' కూడ ఆ ధాతువు నుండి పుట్టినదే. బుద్ధిని కప్పివేసేదంతా ఖమ్రేనని హజ్రత్ ఉమర్ (ర) మింబరుపై నుండి వివరించారు. కనుక దీనిని తెలుగులో 'సారాయి' అని అనువదిస్తే అర్థం కుంచించుకుపోతుంది. ఉర్దూలోని 'షరాబ్' కూడ చిక్కు తెచ్చే మాటే. అరబీలో దానికి పానీయమని మాత్రమే అర్థం, ఖుర్‌ఆన్ తేనెను కూడ ఆ పేరుతోనే పేర్కొంది. 'మద్యం' అనడమే మేలు.

ఇమాం అబూ హనీఫా (రహ్మ) ఖమ్ర్ అనే పేరును ద్రాక్షరసం నుండి పులిసిన మద్యానికే పరిమితం చేశారన్నది నిజమే. వాదించే విద్యార్థులు ఇంతవరకే చదివి ఆగిపోతారు. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా నిషిద్ధమేనని ఆయన శిష్యులు ఇమాం ముహమ్మద్ అన్నారు. తరువాతి హనఫీ పండితుల ఫత్వా దానిపైనే స్థిరపడింది. బీరు సంగతి అక్కడితో తేలిపోయింది.

దీనికంటె కఠినమైన ప్రశ్న తాగనివానికి ఎదురవుతుంది. ప్రక్కగది మిత్రుడు తాగి స్పృహ తప్పి పడిపోయాడు. వార్డెనుకు తెలిస్తే హాస్టలు నుండి పంపివేస్తారు. ఇంటికి తెలిస్తే తండ్రి తలెత్తుకోలేడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 21 ఏండ్లు నిండనివారికి మద్యం అమ్మడమే నేరం గనుక భయం రెట్టింపవుతుంది. పడుకోనిద్దాం, తెల్లవారేసరికి దిగిపోతుంది అనుకొని అందరూ తలుపు మూసి వెళ్లిపోతారు. తోటివాని లోపాన్ని కప్పి ఉంచమన్న హదీసు ఉపదేశం కూడ ఆ సమయంలో సాకుగా పనికి వస్తుంది. కాని కప్పవలసినది మనిషి పరువును, ప్రాణాపాయాన్ని కాదు. షరీఅత్ కాపాడదలచిన ఐదు ప్రయోజనాలలో బుద్ధితో పాటు ప్రాణం కూడ ఉంది. బుద్ధిని కాపాడడానికి విధించిన నిషేధాన్ని చూపి ప్రాణాన్ని వదిలివేయడం ఏ ఫిఖ్హ్‌కూ అందదు.

"పాపం చేశాడు, అనుభవించనీ" అనేవారూ లేకపోలేదు. తాగినందుకు పలుమార్లు శిక్ష పొందిన ఒక వ్యక్తిని ఒకరు శపించగా ప్రవక్త మహనీయులు (స) వారించి, అతనికి దైవం పట్ల, దైవప్రవక్త పట్ల ప్రేమ ఉన్నదని సాక్ష్యమిచ్చిన ఉదంతం బుఖారీలో ఉంది.

తెల్లవారేసరికి దిగిపోతుందనడం వైద్యరీత్యా కూడ పొరపాటే. స్పృహ తప్పిన తరువాత కూడ కడుపులో మిగిలిన మద్యం రక్తంలో కలుస్తూనే ఉంటుంది. అనగా మనిషి నిద్రలోనే మరింత విషమస్థితికి జారవచ్చును. కాలేయం దానిని తన వేగంతోనే హరిస్తుంది. కాఫీ గాని, చన్నీటి స్నానం గాని ఆ వేగాన్ని పెంచలేవు. వెల్లకిలా పడుకున్నవానికి వాంతి అయితే అది శ్వాసనాళంలోకి పోయి ఊపిరి ఆగుతుంది; మత్తులో దగ్గి బయటికి తోసే శక్తి ఉండదు. అందుచేత అతనిని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలరాదు, బలవంతంగా వాంతి చేయించరాదు. తట్టినా లేవకపోవడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకండ్లకు మించి ఎడం రావడం, చర్మం చల్లబడి పెదవులు నీలి రంగుకు మారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా వార్డెనును లేపాలి, 108కి ఫోను చేయాలి. నాటుసారా, కల్తీమద్యం తాగినవానికి మరునాడు చూపు మసకబారితే అది తలనొప్పితో పోయేది కాదు. మిథనాల్ విషం కంటిచూపును శాశ్వతంగా తీసివేయగలదు.

స్పృహలో ఉన్నవాడు మోటారుసైకిలు తీయబోతే తాళంచెవి తీసుకోవాలి, వెనుక సీటులో ఎక్కరాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే శిక్ష తప్పదు. 2019 సవరణ ప్రకారం మొదటి నేరానికే 6 నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఆసుపత్రిలో డాక్టరు అడిగేది మూడు విషయాలు: ఏమి తాగాడు, ఎంత, ఎప్పుడు. నిద్రమాత్రలు వేసుకొని ఉంటే అడగకముందే చెప్పాలి. సీసా దొరికితే వెంట తీసుకొనిపోవాలి, సిగ్గుపడి పారవేయరాదు.