పిల్లల సన్‌స్క్రీన్: ట్యూబు వెనక వైపు చదివాకే కొనండి

వేసవి సెలవులు రాగానే బెంగళూరు నుంచీ, విశాఖ నుంచీ, ముంబయి నుంచీ మనవలు బరంపురంలో దిగుతారు. దిగిన మర్నాడే గోపాలపూర్ సముద్రం అంటారు. ఈ మధ్య వాళ్ల సంచుల్లో బొమ్మలతో పాటు ఒక ట్యూబు కూడా వస్తోంది, అదే సన్‌స్క్రీన్. మందుల షాపులో పిల్లల సన్‌స్క్రీన్లకే ఒక అర కేటాయించారు. ప్రతి డబ్బా మీదా నవ్వుతున్న పాపాయే. ధరల్లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

నేను డాక్టర్ని కాను. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే చిన్న అక్షరాలు చదవడం మా వృత్తిలో తప్పదు. అప్పు కాగితంలో అసలు సంగతి ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది కదా! అయిదేళ్ల మా మనవరాలి కోసం ఒక్కో ట్యూబు వెనక వైపూ చదివి, తెలిసిన చర్మవ్యాధుల డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నవి మన కుటుంబాలకు పనికొస్తాయని రాస్తున్నాను.

ముందుగా ఒక గందరగోళం తీరాలి. వడదెబ్బ వేరు, ఎండకు చర్మం కమలడం వేరు. వడదెబ్బ వేడివల్ల వస్తుంది. చర్మం కమిలేది కంటికి కనపడని అతినీలలోహిత కిరణాల వల్ల. సన్‌స్క్రీన్ ఆపేది ఈ కిరణాలనే, వేడిని కాదు. 1998 వేసవిలో మన ఒడిశాలో వడగాలులకు రెండు వేల మందికి పైగా పోయారు. ఆ రోజులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. "క్రీము రాశాం కదా, ఆడుకోనీ" అని మిట్టమధ్యాహ్నం పిల్లల్ని వదిలేయడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు. నీడ, నీళ్లు, మజ్జిగ, నూలు బట్టలు, వీటికి బదులు ఏ ట్యూబూ రాదు.

ఇక ట్యూబు సంగతి. సన్‌స్క్రీన్లలో పనిచేసే పదార్థాలు రెండు జాతులు. ఒకటి ఖనిజ జాతి: జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. ఇవి చర్మం పైపొర మీదే నిలిచి కిరణాలను అడ్డుకుంటాయి. చంటిపిల్లలకు లంగోటా ఒరుసుకుని ఎర్రబడిన చోట రాసే క్రీముల్లో ఉండేదీ ఈ జింక్ ఆక్సైడే. (అలాగని ఆ క్రీమునే ఎండకు రాయకండి. దాన్ని ఆ పనికి పరీక్షించలేదు.) రెండోది రసాయన జాతి: ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, అవోబెంజోన్, ఆక్టోక్రిలీన్ వగైరా. ఇవి కిరణాలను పీల్చుకుని పనిచేస్తాయి.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో తమ దేశంలో వాడుకలో ఉన్న 16 పదార్థాలను పరిశీలించి, సురక్షితమని ఒప్పుకోవడానికి తగిన ఆధారాలు రెండింటికే ఉన్నాయని ప్రతిపాదించింది. ఆ రెండూ పైన చెప్పిన ఖనిజాలే. పన్నెండింటికి ఇంకా సమాచారం కావాలంది. 2019లోనూ 2020లోనూ అదే సంస్థ పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షల్లో కొన్ని రసాయన పదార్థాలు రక్తంలోకి చేరుతున్నట్టు తేలింది. రక్తంలో కనబడినంత మాత్రాన హాని చేస్తాయని కాదని వాళ్లే స్పష్టంగా చెప్పారు. నా మటుకు నాకు, తేలని ఖాతా పసిపిల్ల పేరు మీద తెరవడం ఇష్టం లేదు. ఖనిజ జాతి దొరుకుతున్నప్పుడు దాన్నే తీసుకుంటాను.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఆక్సీబెంజోన్ లేబులు మీద బెంజోఫినోన్-3 అనే మారుపేరుతో ఉండవచ్చు. ఆక్టినాక్సేట్ అయితే ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసినమేట్ అనే చాంతాడంత పేరుతో వస్తుంది. ముందు వైపు 'మినరల్' అని అచ్చు వేసి, వెనక జాబితాలో ఇవి కూడా కలిపిన ట్యూబు ఒకటి మా చేతికే వచ్చింది. తిరిగి ఇచ్చేశాం. సువాసన కలిపినవి కూడా వద్దన్నారు డాక్టరు గారు, పిల్లల లేత చర్మానికి దద్దుర్లు తెచ్చేవాటిలో అవి ముందుంటాయట. స్ప్రేలు కూడా వద్దు, పిల్లలు పీల్చేస్తారు.

ఇప్పుడు నాకు ఇష్టమైన అంకెలు. ఎస్.పి.ఎఫ్. 30 అంటే చర్మాన్ని కమిలించే కిరణాల్లో ముప్పయ్యో వంతు మాత్రమే లోపలికి పోతుంది, అంటే నూటికి సుమారు 97 ఆగుతాయి. 50 అయితే 98. పెరిగింది ఒక్కటే, ధర మాత్రం ఎంతో పెరుగుతుంది. కంపెనీవాడు ఇదే లెక్కను తిప్పి, లోపలికి పోయేది నూటికి మూడు నుంచి రెండుకు తగ్గింది చూడండంటాడు. రెండూ నిజమే. ఫ్లాట్ వడ్డీ, తగ్గే బాకీ మీద వడ్డీ ఎవరికి కావలసినట్టు వాళ్లు చూపించడం మాకు కొత్తా? పిల్లలకు 30 చాలు. అయితే ఎస్.పి.ఎఫ్. చెప్పేది ముఖ్యంగా బి రకం కిరణాల సంగతి. ఎ రకానికి పి.ఏ. పక్కన ఉండే ప్లస్ గుర్తులు చూడాలి, మూడైనా ఉండాలి. లేదా 'బ్రాడ్ స్పెక్ట్రమ్' అని ఉండాలి.

అసలు మోసం జరిగేది పరిమాణంలో. ప్రయోగశాలలో ఆ అంకె తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాస్తారు. నాలుగైదేళ్ల పిల్లకు ముఖం, మెడ, చేతులు, కాళ్లు కలిపి బట్ట కప్పని చర్మం సుమారు 2,800 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్క పూతకు అయిదున్నర గ్రాములు. అంటే 50 గ్రాముల ట్యూబు తొమ్మిది పూతలకు సరి. రెండు గంటలకోసారీ, నీళ్లలోంచి వచ్చి తువ్వాలుతో తుడిచినప్పుడల్లా మళ్లీ రాయాలి కనుక, సముద్రం దగ్గర రెండు మూడు రోజులకే చెల్లు. మనం అదే ట్యూబును ఏడాది పొడవునా బొట్టుబొట్టుగా రాస్తాం. 30 అనుకుని నిజానికి అందులో కొంతే పొందుతున్నాం. అందుకే పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ వేసి, మిగిలిన కాస్త చోటుకే క్రీము రాయడం డబ్బుకూ చర్మానికీ మేలు.

ఖనిజ క్రీము విబూది పూసినట్టు తెల్లగా కనబడుతుంది. కనబడనీయండి, ఎక్కడ రాయలేదో దానివల్లే తెలుస్తుంది. మొదటిసారి ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడాలి. కళ్ల చుట్టూ, నోట్లో పెట్టుకునే వేళ్లకూ రాయకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు నీడే మందు.

మన బళ్లకు వెళ్లే పిల్లలందరికీ రోజూ ఇది కావాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. మన చర్మంలో మెలనిన్ ఎక్కువ. తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చర్మ కేన్సర్లు చాలా తక్కువ. ఉదయం రిక్షా దిగి బడిలోకి నడిచే పిల్లకు ట్యూబు ఖర్చు దండగ. సముద్రం, ఈతకొలను, గంటల తరబడి క్రికెట్టు, ఇవి వేరు. బొల్లి మచ్చలున్న పిల్లలూ, ఎండకు దద్దురు తేలే పిల్లలూ డాక్టరు చెప్పినట్టు వాడాలి.

మొన్న గోపాలపూర్‌లో ఒక సంగతి జరిగింది. మనవరాలు ఇసకలో గూళ్లు కడుతున్నదల్లా లేచి వచ్చి, "తాతయ్యా, నేను నల్లబడిపోతే పెద్దయ్యాక పెళ్లవదా?" అంది. మన ఆడవాళ్లు సరదాకి అన్న మాటే. అయిదేళ్ల పిల్ల నీళ్లలోకి దిగకుండా గొడుగు కింద కూర్చుండిపోయింది. మా అమ్మాయికి కోపమొచ్చి, "నాన్నా, ఇది కమలకుండా రాసేది. తెల్లబడ్డానికి కాదని మీరే చెప్పండి దానికి" అంది. చెప్పాను. మా ఆవిడ కూడా విని, "ఇక ఆ మాట ఎవరూ అనకండి" అని మిగతావాళ్లకు తనే చెప్పింది. షాపులో ట్యూబు మీద 'కాంతివంతం', 'తెల్లదనం' అన్న మాటలుంటే అది పిల్లలది కాదని పక్కన పెట్టేయండి. ఎండకు పోయే ముందు పిల్లల చర్మానికి నిమ్మరసం పులమడం కూడా మానాలి, ఎండ తగిలితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

సముద్రానికి పొద్దున తొమ్మిది లోపే, లేదా నాలుగు దాటాకే వెళ్లండి. మన నీడ మనకంటే పొట్టిగా ఉందంటే కిరణాలు తీక్షణంగా ఉన్నట్టే, మబ్బు పట్టినా సరే. ట్యూబును కారులో వదిలేయకండి, వేడికి పాడవుతుంది. కొనేటప్పుడు తయారైన నెల, వాడాల్సిన గడువు తేదీ తప్పక చూడండి. నిరుటి వేసవిలో మూత తీసి వదిలేసిన ట్యూబు రంగు మారినా, నీళ్లలా విడిపోయినా, ఎంత పోసి కొన్నదైనా చెత్తబుట్టలో వేయండి.