బుల్లెట్టు పొట్టలో విస్తరాకులు

ఇలా దగ్గరికి జరగండర్రా. చిన్నోడా, ఆ పాత బేసిన్ ఇటు తోయి. గచ్చు మీద ఆయిలు పడిందంటే మీ నాయనమ్మ ఊరుకోదు. ఇవాళ పాత కాస్ట్ ఐరన్ ఇంజిను బుల్లెట్టు బండి క్లచ్చి విప్పి చూద్దాం.

ఎడమ పక్కన పొడుగాటి మూత ఉంది చూశారూ? ఇంత మూతనీ పట్టి ఉంచేది నడిమధ్య ఉన్న ఒక్క నట్టే! 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక, ఇంగ్లండు వాళ్ల ఈ డిజైన్నే మనవాళ్లు దశాబ్దాల తరబడి నడిపించారు. ఫుట్‌రెస్టు తీసి, నట్టు విప్పి, మూతని రెండు చేతులా మెల్లగా లాగాలి. లోపలున్న ఆయిలంతా ఒక్కసారే దిగుతుంది, బేసిన్ అందుకే.

ఇప్పుడు చూడండి. ముందున్న చిన్న పళ్ల చక్రం ఇంజినుది, 25 పళ్లు. వెనకాల పెద్దది క్లచ్చిది, 56 పళ్లు. రెంటికీ నడుమ జంట వరసల చైను. చిన్నది 56 చుట్లు తిరిగితే పెద్దది పాతిక చుట్లే తిరుగుతుంది. ఉరుకు తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది. గేర్లు వేరే పని చేస్తాయి గానీ, మొదటి బేరం ఇక్కడే కుదిరిపోతుంది.

ఆ పెద్ద చక్రం లోపల ఉంది అసలు తమాషా. స్ప్రింగులు తీస్తే ప్లేట్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఒకటి ఇంజినుతో తిరిగేది, దాని పక్కది గేరుబాక్సుతో తిరిగేది, మళ్లీ ఇంజినుది... పెళ్లింట్లో విస్తరాకుల కట్ట మీద రాయి పెడతారు కదా, నడిమి ఆకు లాగి చూశారా ఎప్పుడైనా? చచ్చినా రాదు. రాయి ఒకటే అయినా దాని బరువు పై ఆకుతో ఆగిపోదు, ప్రతి ఆకు మీదా అంతా పడుతుంది. ఇక్కడ రాయి అంటే స్ప్రింగులు. నాలుగు రాపిడి ప్లేట్లుంటే ఎనిమిది ముఖాలు, ఎనిమిది చోట్లా అదే ఒత్తిడి. అందుకే అరచేతంత జాగాలో ఇంజిను బలమంతా జారకుండా ఆగుతుంది. మీరు లివరు నొక్కినప్పుడు కుడి పక్కనుంచి ఒక సన్నటి కడ్డీ వచ్చి ఆ రాయిని కాస్త పైకి లేపుతుంది, అంతే.

"ఆయిల్లో నానుతుంటే జారిపోదా తాతయ్యా?" భలే అడిగావురా బుజ్జీ! ప్లేట్లు నొక్కుకునేసరికి ఆయిలు పక్కలకి పిండుకుపోతుంది. కాసేపు జారే సమయంలో పుట్టే వేడిని అదే మోసుకుపోతుంది. అలాగని నున్నగా జారడానికే మందులు కలిపిన కారు ఆయిలు పోశారో, స్ప్రింగులు ఎంత నొక్కినా దండగే.

ఇక విప్పడం. చైనుకి అతుకు ఉండదు, కాబట్టి రెండు చక్రాలూ చైనుతో సహా ఒకేసారి రావాలి. ముందు కింద చైనుని బిగించే పట్టీ వదులు చెయ్యాలి. టాప్ గేరులో పెట్టి, వెనక బ్రేకు పట్టుకుంటే నట్లు తిరుగుతాయి; ఇంజిను నట్టు మాత్రం స్ప్రింగులు తీయకముందే వదులు చేసుకోవాలి. మొరాయిస్తే పుల్లర్ తెచ్చుకోండి, సుత్తి మాత్రం ముట్టకండి. ఆ దెబ్బలు బేరింగులకి తగులుతాయి.

బిగించేటప్పుడు తొందర పనికిరాదు. కొత్త రాపిడి ప్లేట్లని ముందే ఆయిల్లో నానబెట్టాలి. స్టీలు ప్లేట్లు అద్దం మీద పెట్టి వంకరున్నాయేమో చూడాలి, నీలం రంగు తిరిగితే మాడినట్టే. నట్టు వాషరు కొత్తది వేసి, అంచు మడవాలి. చైను తిప్పుతూ బాగా బిగుతుగా ఉన్న చోట నొక్కితే పావు అంగుళం ఆడాలి. ఆల్టర్నేటరు ఉన్న బండయితే రోటరు చుట్టూ సందు ఒకే తీరుగా ఉండాలి, ఎక్కడా రాసుకోకూడదు.

ఆఖరికి కేబులు. లివరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా ఆడాలి. మరీ బిగించారంటే కడ్డీ ఆ రాయిని ఎప్పుడూ కాస్త ఎత్తి పట్టుకునే ఉంటుంది, ప్లేట్లు జారి మాడతాయి. ఇంకొకటి: ఈ బండికి కిక్కు కూడా క్లచ్చి మీదుగానే ఇంజినుకి అందుతుంది. పొద్దున్నే లివరు నొక్కి పట్టుకుని రెండు కిక్కులు కొడితే, రాత్రంతా ఆయిలుకి అంటుకున్న ప్లేట్లు విడివడతాయి. ఆ తర్వాత మొదటి గేరు టక్కుమని చప్పుడు లేకుండా పడుతుంది.